పరిశీలించడమైనది

మనిషి నోటి మాటను నమ్మకూడదనీ, మనిషి రాసిన కాగితాన్ని అంతకన్నా నమ్మకూడదనీ, ఆ కాగితం మీద ఇంకో మనిషి పెట్టిన సంతకాన్ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మవచ్చనీ నాగరికత ఏ రోజున తేల్చుకుందో, ఆ రోజునే ధ్రువీకరణ కార్యాలయం పుట్టింది. (పుట్టిన తేదీకి ధ్రువపత్రం ఉంది. జారీ చేసింది ఆ కార్యాలయమే.)

ఆ కార్యాలయం మూడో నంబరు గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చునే ఆవిడను అందరూ సంతకాలమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గాని దానితో ఎవరికీ పని పడలేదు. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ పని ఒకటే. ఎడమ పక్కనుంచి కాగితాలు వస్తాయి. వాటి మీద అప్పటికే నీలిరంగు ముద్ర పడి ఉంటుంది: "పరిశీలించడమైనది". ఆ ముద్ర కింద ఆవిడ సంతకం పెడుతుంది. కాగితాలు కుడి పక్కకు వెళ్ళిపోతాయి. రోజుకు నాలుగు వందలు, శనివారం పూట రెండు వందలు.

ఆ ముద్రలో ఉన్న సొగసు గురించి ఒక మాట చెప్పుకోవాలి. "పరిశీలించాను" అంటే నేను దొరికిపోతాను. "పరిశీలించారు" అంటే వాళ్ళెవరో దొరికిపోతారు. "పరిశీలించడమైనది" అంటే తెల్లవారినట్టు, వాన వెలిసినట్టు, పరిశీలన దానంతట అదే అయిపోయింది, ఎవరి మీదా నింద లేదు. కర్త లేకుండా క్రియ నడిపించే విద్య కవులకు చేతకాలేదు. గుమాస్తాలకు చేతనయింది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆవిడ ఒక కాగితం చదివింది. అప్పటి అధికారి అది చూసి, చదువుకోవడానికి ఇంట్లో పుస్తకాలు లేవా అమ్మా అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. ఆవిడ సిగ్గుపడి మళ్ళీ ఎప్పుడూ చదవలేదు.

ఉద్యోగంలో పందొమ్మిదో ఏట ఆవిడ కుడిచేతి బొటనవేలు బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏమీ ఉండదు. జడ వేసుకునేటప్పుడు ఉండదు, తాళం తిప్పేటప్పుడు ఉండదు. ముద్ర కింద కలం ఆనించగానే కొయ్యబారిపోతుంది. రెండో చేత్తో పట్టి లాగినా రాదు. ఎముకల డాక్టరు ఎముకలు భేషుగ్గా ఉన్నాయన్నాడు. నరాల డాక్టరు నరాలు అంతకన్నా బాగున్నాయన్నాడు. ఎవరి వస్తువు వాళ్ళు మెచ్చుకుని, చివరికి ఇద్దరూ కలిసి ఆవిడను పెద్దాసుపత్రి మూడో అంతస్తులో ఉన్న మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆ వైద్యురాలు హిప్నోథెరపీ, అంటే హిప్నటిజంతో వైద్యం, చేస్తుందట.

ఈ మాట ఇంట్లో తెలియగానే సంతకాలమ్మకు పందొమ్మిదేళ్ళుగా దొరకని గౌరవం ఒక్క పూటలో దొరికింది. భర్త ఆవిడ కళ్ళలోకి చూడటం మానేశాడు. ఎందుకైనా మంచిదని, బీరువా తాళాలు చోటు మార్చాడు. అక్కడికి వెళ్ళినవాళ్ళు కడుపులో ఉన్న రహస్యాలన్నీ కక్కేస్తారనీ, లేవమనేవాళ్ళు లేకపోతే అలాగే ఉండిపోతారనీ, తన స్నేహితుడి తోడల్లుడు స్టేజీ మీద కోడిలా కూశాడనీ చెప్పాడు. (ఆ తోడల్లుడు పెళ్ళిళ్ళలో ఎవరూ అడగకపోయినా కూస్తాడన్న సంగతి చెప్పలేదు.) మోకాళ్ళ నొప్పులతో మంచం దిగని అత్తగారు మాత్రం విషయానికి వచ్చింది.

"ఎటూ వెళ్తున్నావుగా. అత్త మాట వినేలా కూడా ఒకసారి చెప్పించుకునిరా."

పెద్దాసుపత్రిలో లిఫ్టు ఉంది. లిఫ్టు పక్కన, లోపల వేసుకోవలసిన స్టూలును బయట వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. ఎవరైనా లిఫ్టెక్కబోతే ఆపడు, ఎక్కించడు. ఉద్యోగధర్మంగా ఒక మాట చెబుతాడు.

"ఎక్కేటప్పుడు పర్వాలేదమ్మా. దిగేటప్పుడే దాని ఇష్టం."

కిందటి నెలలో అది ఒక బాలింతనూ పసిబిడ్డనూ అర అంతస్తు జార్చి, ఏమనుకుందో ఏమో, ఆగిందట. సంతకాలమ్మ ఆ మాట విని, మూడు అంతస్తులూ అరవై ఆరు మెట్లూ ఎక్కింది.

డాక్టరమ్మ గదిలో ఊగే గడియారం లేదు. గోడ గడియారం ఉంది గాని అదీ ఆగిపోయి ఉంది. డాక్టరమ్మ కళ్ళు నిప్పుల్లా లేవు. కళ్ళజోడు వెనక నిద్రచాలని కళ్ళలా ఉన్నాయి. కుర్చీలో వెనక్కి వాలమంది, కళ్ళు మూసుకోమంది, ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. తర్వాత మనసులోనే మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమంది. ఎక్కినవి చాలక మళ్ళీ దిగడం కూడానా అనుకుంటూనే సంతకాలమ్మ దిగింది. వరండాలో స్ట్రెచర్ చక్రం కీచుమనడం వినిపిస్తూనే ఉంది. ఎవరో నర్సు ఎవరినో దులిపేయడం వినిపించింది. ఒళ్ళు మాత్రం తేలికైంది. కళ్ళు తెరిచాక ఆవిడ చాలా నొచ్చుకుని, తనకు నిద్ర పట్టలేదనీ, కాబట్టి వైద్యం పని చేయనట్టేననీ ఒప్పేసుకుంది.

నిద్రపోవడానికైతే ఇంట్లో మంచం ఉంది కదా అంది డాక్టరమ్మ. పుస్తకంలో పడ్డ మనిషికి పక్కనుంచి పిలిచినా వినపడదు చూశారా, ధ్యాసంతా ఒకచోట చేరడం అలాంటిదేనంది. సంతకాలమ్మకు ఈ పోలిక అందలేదు. ఆవిడ చదవడం మానేసి పందొమ్మిదేళ్ళయింది. మీ మాట ప్రకారం నా చెయ్యి నడుచుకునేలా చేయండి చాలు, నేను అడ్డు చెప్పను అని బతిమాలింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"నేను మీ చేత ఏమీ చేయించలేనమ్మా. మీకు ఇష్టం లేనిది అసలే చేయించలేను. అలాంటి విద్య నా దగ్గరుంటే ముందు మా ఆసుపత్రివాళ్ళ చేత ఆ లిఫ్టు బాగుచేయించుకునేదాన్ని."

మూడోసారి వెళ్ళినప్పుడు, కళ్ళు మూసుకుని ఆఫీసు బల్లను తలుచుకోమంది. కాగితం వచ్చింది. చెయ్యి ఏం చేస్తోందని అడిగింది. బిగుసుకుంటోంది అంది సంతకాలమ్మ. కాగితం మీద ఏముందని అడిగింది. తెలియదంది. చూడండి, తొందరేమీ లేదు అంది డాక్టరమ్మ. సంతకాలమ్మ ఊహలోని కాగితాన్ని ఊహలోనే పైనుంచి కిందికి చదివింది. చదవడం పూర్తయ్యేసరికి ఒళ్ళో ఉన్న బొటనవేలు, ఎవరో పట్టు వదిలినట్టు, వదిలేసింది. పందొమ్మిదేళ్ళ సర్వీసులో తన కన్నా తన వేలికే ఎక్కువ బుద్ధి ఉందని తెలిసి ఆవిడకు ఒక పక్క సంతోషం, ఒక పక్క చెప్పలేని అవమానం కలిగాయి.

అలా ఆవిడ చెయ్యి బాగుపడింది. కార్యాలయానికి పట్టిన పీడ కూడా అక్కడే మొదలైంది.

సంతకానికి ముందు ఆవిడ కాగితాన్ని చూడసాగింది. చూశాక చదవకుండా ఉండటం మనిషికి కష్టం. చదివాక ఊరుకోవడం అంతకన్నా కష్టం. రోజుకు నాలుగు వందల సంతకాలు ముప్పై ఏడుకు పడిపోయాయి. వరస గుమ్మం దాటి, వరండా దాటి, సైకిళ్ళు పెట్టే చోటికి చేరింది. బతికున్నవాడి మరణపత్రం ఒకటి వెనక్కి వెళ్ళింది. ఆ మనిషే దాన్ని పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు, తొందరగా ఇప్పించమని. నీళ్ళే లేని వీధికి మంచినీళ్ళు స్వచ్ఛమైనవని చెప్పే పత్రం వెనక్కి వెళ్ళింది. వాళ్ళ నీళ్ళలో ఏ దోషమూ లేదన్న మాట అక్షరాలా నిజమే కదా అని పైఅధికారి, అంటే అందరూ పెద్దసారు అనే ఆయన, మెత్తగా వాదించారు.

ఆ వారమే లిఫ్టు కాగితం వచ్చింది. పెద్దాసుపత్రి లిఫ్టు, ఆరునెలల తనిఖీ, తాడు, మోటారు, తలుపు అన్నీ సవ్యం, పరిశీలించడమైనది. వెనక గుచ్చిన పాత ప్రతులు కూడా తిరగేసింది. కిందటి రెండుసార్లూ ముద్ర కింద ఉన్నది తన సంతకమే. అర అంతస్తు జారిన బాలింత ఏ కాగితాన్ని నమ్మి లిఫ్టెక్కిందో ఆవిడకు అప్పుడు అర్థమైంది. ఆ కాగితం మీద ఇలా రాసి పంపింది: "నేను చదివాను. ఈ లిఫ్టు సంగతి నాకు తెలుసు. నేను సంతకం పెట్టను."

కార్యాలయ చరిత్రలో "నేను" అన్న మాటతో మొదలైన వాక్యం అదే మొదటిది. మూడు విభాగాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

పెద్దసారు కోప్పడలేదు. ఆయన కోప్పడితే దానికి కూడా ఫైలు తెరవాలి. ఆవిడను కూర్చోబెట్టి, టీ తెప్పించి, సంతకం పెట్టేస్తే ఈ విషయం ఇక్కడితో మరిచిపోతానన్నారు. లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవలసి వస్తుందని కూడా, అది తన చేతుల్లో లేనట్టు, విచారంగా చెప్పారు. ఇంకో నాలుగు నెలల్లో ఆవిడ ఆ విభాగానికి అధికారిణి కావలసి ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, పెట్టనండి అంది.

ఎవరు ఏమి పెట్టినా సంతకం చేసే మనిషి, ఉన్నట్టుండి చదివి పెడతానంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఆవిడ మీద ఏదో ప్రయోగం జరిగింది. కారణం కోసం వెతగ్గా వెతగ్గా సెలవు దరఖాస్తుకు జతచేసిన డాక్టరమ్మ చీటీ దొరికింది. అందులో "పరవశ స్థితిలో చికిత్స" అని ఉంది. పెద్దసారు కింద పనిచేసే సూపరింటెండెంటుగారికి సంధులూ సమాసాలూ వచ్చు. (ఆఫీసుకు అంతకన్నా ప్రమాదం లేదు.) ఆయన ఆ మాటను విడదీశారు. పర అంటే ఇతరులు. వశం అంటే చేజిక్కడం. ఉద్యోగి పనివేళల్లో కార్యాలయం వశంలో తప్ప అన్యుల వశంలో ఉండరాదని నియమావళిలో ఉండనే ఉంది. చీటీ రాసిన డాక్టరు ఉన్నదీ, లిఫ్టు ఉన్నదీ ఒకే ఆసుపత్రి. ఇంకేం కావాలి?

ఆ మధ్యాహ్నమే ఒక ఉత్తర్వు వెలువడింది. ఉద్యోగులు ఏ రకమైన పరవశానికీ లోనుకారాదు. పాట విని పరవశించినవారు ఇరవై నాలుగు గంటల్లోగా ఆ పాట పేరుతో సహా తెలియజేయాలి. మర్నాటికి పదకొండుమంది తెలియజేశారు.

త్రిసభ్య సంఘం ఏర్పడింది. సంఘం ముప్పై ఒక్క ప్రశ్నలు తయారుచేసి డాక్టరమ్మకు పంపింది. గడియారం ఊపబడినదా, ఊపబడిన యెడల ఎడమ నుంచి కుడికా, కుడి నుంచి ఎడమకా? ఊగే గడియారం లేదని డాక్టరమ్మ జవాబు రాస్తే, లేని గడియారం ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉన్నదని అనుబంధ ప్రశ్న వెళ్ళింది. నిద్రించిన కాలానికి సెలవు మంజూరైనదా? నిద్రించలేదంటే, నిద్రించలేదన్న సంగతి నిద్రలో ఉన్న మనిషికి ఎలా తెలుసు? కార్యాలయ రహస్యాలు ఏవైనా చెప్పినదా? ఏమీ చెప్పలేదనీ, చెప్పదలచుకోనిది ఆ స్థితిలో కూడా ఎవరూ చెప్పరనీ, ఎంత లోతుకు వెళ్ళినా మనిషి తన తెలివిలోనే ఉంటుందనీ డాక్టరమ్మ ఓపిగ్గా రాసింది. కోడిలా కూసినదా? కూయలేదు. అడిగి ఉంటే కూసేదా? ఆవిడకు కూయాలని ఉంటే కూసేది అని రాసింది. అప్పటికి డాక్టరమ్మ ఓపిక అయిపోయింది.

చివరిది ప్రశ్న కాదు, పత్రం. దాని పేరు స్వవశ పునఃప్రాప్తి పత్రం. "చికిత్స నిమిత్తం తీసుకున్న మనస్సును యథాతథ స్థితిలో తిరిగి అప్పగించడమైనది" అని అందులో డాక్టరు సంతకం చేయాలి. తీసుకోనిదాన్ని తిరిగి ఎలా ఇస్తానంది డాక్టరమ్మ. సంఘం ఆ జవాబును నమోదు చేసుకుంది: వైద్యురాలు మనస్సును తిరిగి ఇవ్వడానికి నిరాకరించారు.

సంతకాలమ్మను సంఘం ముందుకు పిలిచారు. పొడుగు బల్లకు అటు పక్క ముగ్గురు, ఇటు పక్క ఆవిడ. మీ ఇష్టప్రకారమే సంతకం పెట్టడం మానేశారా, ఎవరైనా మానమన్నారా అని అధ్యక్షులు అడిగారు. ఆవిడ తిరిగి ఒక ప్రశ్న అడిగింది.

"పందొమ్మిదేళ్ళు ఎవరు ఏ కాగితం పెట్టినా సంతకం చేశాను. అప్పుడు ఎవరి వశంలో ఉన్నాను సార్?"

"అప్పుడు సర్వీసులో ఉన్నారమ్మా," అన్నారు అధ్యక్షులు.

వైద్యురాలి గదిని స్వయంగా చూసిరావాలని సంఘం తీర్మానించుకుంది. దారి చూపించడానికి సంతకాలమ్మను వెంట తీసుకెళ్ళారు. అధ్యక్షులది భారీ విగ్రహం. ఒక సభ్యుడికి ఆయాసం, రెండో సభ్యుడికి కాలి వాపు. ముగ్గురూ తిన్నగా లిఫ్టు దగ్గరికి నడిచారు. స్టూలు మీది పెద్దాయన తన మాట తను చెప్పాడు. ఎక్కేటప్పుడు పర్వాలేదు, దిగేటప్పుడే దాని ఇష్టం. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల దీపం ఒకసారి ఆరి వెలిగింది. ముగ్గురూ లిఫ్టును చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. అధ్యక్షులు పంచె అంచు సర్దుకున్నట్టు ప్యాంటు పైకి లాక్కుని మెట్లవైపు తిరిగారు. మిగతా ఇద్దరూ ఆయన వెనక నడిచారు.

మొదటి అంతస్తులో ఒకసారి, రెండో అంతస్తులో రెండుసార్లు ఆగారు. ఆయాసం సభ్యుడు గోడకు ఆనుకుని, నర్సు ఇచ్చిన నీళ్ళు తాగాడు. మూడో అంతస్తు చేరాక, వాళ్ళ ఊపిరి వెనక్కి వచ్చేదాకా సంతకాలమ్మ మర్యాదగా ఆగింది.

"మెట్లెందుకెక్కారు సార్?"

అధ్యక్షులు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"ఆరోగ్యానికి మంచిదమ్మా," అన్నారు.

నివేదిక పది రోజుల్లో వచ్చింది. లిఫ్టు సవ్యంగా ఉన్నట్టు పరిశీలించడమైనది. ఉద్యోగిని ఇంకా పరవశంలోనే ఉన్నట్టు పరిశీలించడమైనది. ఆవిడను పాత రికార్డుల గదికి మార్చారు. అక్కడ సంతకంతో పని లేదు, కట్టకు తాడు ముడి వేయడం వస్తే చాలు. కుర్చీ పోయింది, అధికారిణి కావడమూ పోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడవమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

భర్త బీరువా తాళాలు మళ్ళీ పాత చోటే పెట్టాడు. అత్తగారు సంగతంతా వింది. ఆ గురువారం ఆమెను పెద్దాసుపత్రిలో మోకాళ్ళ డాక్టరుకు చూపించాలి. రెండో అంతస్తు. లిఫ్టు దగ్గర కొడుకు ఎంత బతిమాలినా ముసలామె ఎక్కలేదు.

"కోడలు సంతకం పెట్టనంది కదరా," అని గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది.

మూడో నంబరు గదిలో కిటికీకి వీపు పెట్టి ఇప్పుడు కొత్తాయన కూర్చుంటున్నాడు. చురుకైన మనిషి. మొదటి రోజే నాలుగు వందల పన్నెండు. అందులో లిఫ్టు కాగితం ఎన్నోదో ఆయనకూ తెలియదు. వరస మళ్ళీ గుమ్మం లోపలికి వచ్చింది. జనం ఆయనను దీవించారు. బతికున్నవాడికి మరణపత్రం దొరికింది.

నాలుగో నెలలో కొత్తాయన బొటనవేలు బిగుసుకుంది. పరవశం నిషేధం కాబట్టి ఆయన డాక్టరమ్మ జోలికి పోలేదు, ఎముకల డాక్టరుకు చూపించుకుందామని బయలుదేరాడు. ఎముకల విభాగం కూడా పెద్దాసుపత్రి మూడో అంతస్తులోనే ఉంది. ఆ రోజు అత్తగారి మందుల కోసం వచ్చిన సంతకాలమ్మ ఆయనను లిఫ్టు ముందు చూసింది. దగ్గరికి వెళ్ళి, ఇది బాగోలేదండీ, మెట్లెక్కుదాం రండి అంది.

ఆవిడ గురించి ఆయన విని ఉన్నాడు. జాలిగా నవ్వి, లిఫ్టు లోపల అద్దాల చట్రంలో బిగించిన కాగితాన్ని చూపించాడు. ధ్రువపత్రం ఉంది కదండీ అన్నాడు.

"ఎవరు సంతకం పెట్టారో చూడండి," అంది ఆవిడ.

ఆయన లోపలికి వంగి చూశాడు. నీలి ముద్ర, దాని కింద సంతకం. తర్వాత ఆయన ముఖం విప్పారింది.

"నేనే," అన్నాడు ధైర్యంగా. లోపలికి అడుగుపెట్టి మూడో నంబరు నొక్కబోయాడు. బొటనవేలు ససేమిరా అంది. చూపుడువేలితో నొక్కాడు.